చిన్న కళాశాలలు - ఆటల పద్దు

మన కళాశాలలలో చేరు ప్రతి విద్యార్థియు బోధన రుసుము, ప్రయోగశాల రుసుము, గ్రంథాలయ రుసుము, పరీక్ష రుసుములతోపాటు ఆటల రుసుమును గూడ చెల్లించుచున్నాడు. ప్రయోగశాలలో గాజునాళికలు లేకున్న అడుగువారు గలరు. గ్రంథాలయమున పుస్తకము దొరకకున్న గొణుగుకొనువారు గలరు. ఆటల రుసుము క్రింద తనకు లభించినదేమని మూడేండ్లలో ఒక్కమారైన అడిగిన విద్యార్థి అరుదు. అడుగుమని కుమారుని ప్రోత్సహించిన తండ్రి మరింత అరుదు. మొత్తము స్వల్పమగుటచే ఎవరును పట్టించుకొనరు. కాని ఆ స్వల్పమే వందలకొలది చేతులనుండి ఏటేట రాబట్టబడుచున్నది. చిన్నదైనను పద్దు పద్దే; దానికి జమయు ఖర్చును ఉండవలెను, చూపువారుండవలెను, చూచువారుండవలెను.

సిరిసిల్ల పట్టణమునుండి మానేరు దాటి సిద్దిపేట బాట పట్టినవారికి మొదట తగులునది తంగళ్ళపల్లి. 2016 అక్టోబరు 11వ తేదీ, విజయదశమినాడు, రాజన్న సిరిసిల్ల జిల్లాతోపాటు ఇదియు మండలకేంద్రమై వెలసినది. బద్దెనపల్లిలోని జౌళిపార్కు ఈ మండలములోనిదే. జిల్లెల్లలోని బాబూ జగ్జీవన్ రామ్ వ్యవసాయ కళాశాలయు ఈ మండలములోనిదే. దాని నూతన భవనము 2023లో ప్రారంభింపబడినది. సాంచాల చప్పుడు మధ్య పెరిగిన బిడ్డలు, బీడీలు చుట్టు తల్లుల బిడ్డలు, రెండు మూడెకరముల రైతుల బిడ్డలు ఈ ప్రాంతపు కళాశాలలలో చదువుచున్నారు. వీరిలో పరుగెత్తగలవారికి, కూతపట్టగలవారికి, బంతి కొట్టగలవారికి కొదువలేదు. వీరి శక్తికి తగిన మైదానమును, శిక్షకుని, ప్రయాణపు ఖర్చును ఎవరు సమకూర్చవలెనన్నదే ప్రశ్న. ఇది తంగళ్ళపల్లి ప్రశ్న మాత్రమే కాదు. జగిత్యాల, కోరుట్ల, వేములవాడ ప్రాంతపు ప్రతి చిన్న కళాశాలకును ఇదే ప్రశ్న.

ముందుగా లెక్క చూతము. ఇది ఏ ఒక్క కళాశాల లెక్కయు గాదు. విషయము స్పష్టమగుటకై మేము వేసికొన్న ఊహాలెక్క. అయిదువందలమంది విద్యార్థులు గల కళాశాల ఒకటి తలకు రెండువందల రూపాయల చొప్పున ఆటల రుసుము వసూలు చేసెననుకొందము. జమ లక్ష రూపాయలు. అందులో అంతర్విశ్వవిద్యాలయ పోటీల నిమిత్తమని విశ్వవిద్యాలయమునకు కొంత చెల్లవలెను; దానిని ప్రస్తుతము విడిచిపెట్టుదము. ఇక ఖర్చు. చెడుగుడు జట్టునకు పండ్రెండుగురు ఆటగాండ్రు, వారివెంట ఇద్దరు పెద్దలు, వెరసి పదునలుగురు. వీరు కరీంనగరములో జరుగు అంతర్ కళాశాలా పోటీలకు పోయి రెండు దినములుండిన, మనిషికి దినమునకు నాలుగువందల రూపాయల చొప్పున బస్సు ఛార్జీయు, భోజనమును, ఫలహారమును కలిసి 11,200 రూపాయలగును. ఇది చాల బిగువైన లెక్క. బసకు పైకము కట్టనక్కరలేదనుకొని వేసినది. చెడుగుడు, ఖోఖో, వాలీబాల్, పరుగుపందెములు, క్రికెట్టు అని అయిదు జట్లను పంపిన 56,000 రూపాయలు. బాలురతోపాటు బాలికలను గూడ పంపినచో 1,12,000 రూపాయలు. జమకంటె ఖర్చు అప్పుడే మించినది. బంతులు, వలలు, సున్నము, బనీనులు, దెబ్బ తగిలినవానికి వైద్యము ఇంకను లెక్కలోనికి రానేలేదు.

ఇట్టి స్థితిలో ప్రిన్సిపాలుగారు చేయునదేమి? ఒకటి రెండు జట్లను తగ్గించుదురు. తగ్గించునప్పుడు మొదట తగ్గునది బాలికల జట్టే. ఇందుకు డబ్బు ఒక్కటే కారణము గాదు. బాలికల జట్టు ఊరు దాటవలెనన్న వెంట స్త్రీ ఉద్యోగిని యొకతె పోవలెను. కళాశాలలో వ్యాయామ విద్యకు స్త్రీ లేనిచో, తెలుగు పంతులమ్మనో లెక్కల పంతులమ్మనో బ్రతిమాలి పంపవలెను. ఆమెకు ఇంటివద్ద పిల్లలు, ఇక్కడ తరగతులు. ఆమె పోజాలనన్ననాడు పండ్రెండుగురు బాలికల ఒక సంవత్సరపు శ్రమ ఆవిరియగును. మైదానమునకు తలుపుగల మరుగైన గది యొకటి, నీటి కుళాయి యొకటి లేకపోవుటచే సాయంత్రపు అభ్యాసమునకు రాని బాలికల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇవి ఏ క్రీడావిధాన పత్రమునందును పెద్ద అక్షరములతో కానరావు. కాని జట్టు కట్టుటయు కట్టకపోవుటయు వీనియందే తేలుచున్నది.

ఇక అసలు ఖర్చు జీతము. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యు.జి.సి., 2018 నిబంధనల ప్రకారము కళాశాలలోని వ్యాయామ విద్యాధికారి అసిస్టెంటు ప్రొఫెసరుతో సమానుడు. ఏడవ వేతన సంఘపు శ్రేణిలో ప్రారంభ మూలవేతనము నెలకు 57,700 రూపాయలు. కరవుభత్యము మొదలగునవి విడిచినను ఏడాదికి 6,92,400 రూపాయలగుచున్నది. మన ఊహాకళాశాలలోని అయిదువందలమందియు ఈ జీతమును తామే మోయవలెనన్న తలకు 1,385 రూపాయలు పడును. సాంచా నడపువాని కుమారునిపై ఇంత భారము మోపుమని ఎవరును చెప్పజాలరు. కావున ఒక సంగతి నిశ్చయము. బంతులు, బస్సు ఛార్జీలు రుసుమునుండి రావచ్చును; మనిషి మాత్రము ఖజానానుండియే రావలెను. ఈ రెండింటిని కలగాపులగము చేసి, ‘రుసుము వసూలగుచున్నది గదా, ఆటలు నడుచుకొనును’ అని ఊరకుండుటయే ఈ పద్దులోని మొదటి తప్పుడు లెక్క.

ఖజానా ఏమి చేసినది? 2022 డిసెంబరులో తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమీషను ఇంటర్మీడియట్ విద్యాశాఖలో 91, సాంకేతిక విద్యాశాఖలో 37, వెరసి 128 ఫిజికల్ డైరెక్టరు కొలువులకు ప్రకటన వెలువరించినది. ఆ నెలాఖరుననే ప్రభుత్వ డిగ్రీ కళాశాలల కొరకు 544 కొలువుల ప్రకటన వచ్చినది. అందులో అసిస్టెంటు ప్రొఫెసర్లు 491, ఫిజికల్ డైరెక్టర్లు 29, గ్రంథపాలకులు 24. రాష్ట్రమేర్పడిన 2014 తరువాత ఎనిమిదేండ్లకు ఈ సంఖ్యలు ఒక్కసారిగా వెలువడుటయే ఖాళీలు ఎంతకాలము పేరుకొన్నవో చెప్పుచున్నది. ఫిజికల్ డైరెక్టరు లేని కళాశాలలో ఆటల సామానుగది తాళపుచెవి చరిత్ర పంతులుగారి జేబులోనో గుమాస్తా బల్లలోనో ఉండును. వారు తాళము తీయుదురు, వేయుదురు. తొడ కండరము పట్టిన బాలునికి ఏమి చేయవలెనో, దూరము దూకువాడు చెక్కమీద ఏ కాలుంచవలెనో చెప్పుట వారి పని గాదు; చెప్పలేకపోవుట వారి తప్పును గాదు.

ఇచ్చట వ్యవసాయ కళాశాలల పద్ధతిని కొంచెము గమనింపవలెను. వ్యవసాయ డిగ్రీ పాఠ్యప్రణాళికలో జాతీయ సేవాపథకము, ఎన్.సి.సి., వ్యాయామ విద్య, యోగాభ్యాసము అనునవి విద్యార్థి పూర్తిచేయక తప్పని పాఠ్యాంశములు. పైగా భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆధ్వర్యమున దేశములోని వ్యవసాయ విశ్వవిద్యాలయములన్నిటికి క్రీడోత్సవము వేరుగ జరుగుచున్నది. పాఠ్యప్రణాళికలో చేరిన విషయమునకు బోధించువాడు కావలెను; బోధించువాడు కావలెనన్న కొలువు మంజూరు కావలెను; మంజూరైన కొలువునకు బడ్జెటులో వరుస ఒకటి ఏర్పడును. కేవలము రుసుముగా నిలిచిపోయిన విషయమునకు ఈ వరుస ఏర్పడదు. మన సాధారణ డిగ్రీ కళాశాలలలో ఆటలు రుసుముగనే నిలిచిపోయినవి. మైదానములో వారమునకు రెండు గంటలు తప్పనిసరియని నిర్ణయించి చూడుడు. కొలువుల సంగతి తనంత తానే ఖజానావారి బల్లపైకి వచ్చును.

వ్యాయామోపాధ్యాయుడనిన మనవారికి చులకన. డ్రిల్లు మాస్టరని పిలిచి, వార్షికోత్సవమునాడు బల్లలు మోయించుటకును, ఎన్నికలనాడు క్యూ నిలుపుటకును ఆయనను వాడుకొనుట మనకలవాటు. ఆ కొలువులోనుండి వచ్చినవారెవరో మరచితిమి. కోడి రామమూర్తిగారు మదరాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవారే; ఆ మీదటనే సర్కసు కట్టి ప్రపంచము తిరిగిరి. మదరాసులో 1920లో హ్యారీ బక్ స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల దక్షిణదేశమునకంతకును వ్యాయామోపాధ్యాయులను తయారుచేసి పంపినది. ఇక మన హైదరాబాదు సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీంగారు ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో పంతులుగా జీవించినవారు. 1943 మొదలు మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకమును, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును సంపాదించినది. 1963లో ఆయన గతించెను. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణమును చూడలేదు. ఒక బడిపంతులు జీతమునకు దేశము పొందిన ప్రతిఫలమిది. ఆనాడు ఆ కొలువును ఖాళీగా ఉంచి పొదుపు చేసియుండిన ఎన్ని రూపాయలు మిగిలియుండెడివో లెక్కించువారు లెక్కించుకొనవచ్చును.

దూరమెందుకు, మన కాలపు సంగతియే కలదు. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు నెక్కినది. ఆమెతో ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనందకుమారును ఎక్కెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. భువనగిరి బండమీద శేఖర్‌బాబు అను శిక్షకుడు వారికి మొదటి పాఠములు చెప్పెను. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు ఏడంశముల పోటీలో 5,712 పాయింట్లతో కాంస్యమును సాధించిన అగసర నందినియు గురుకుల విద్యార్థినియే. తండ్రి టీ అమ్ముకొనువాడు. శిక్షకుడు నాగపురి రమేశ్. ఇవన్నియు చదివి మనము చప్పట్లు కొట్టుదుము. కాని ఈ ముగ్గురి విషయమునను ఒక సమానాంశము కలదు. వసతి ఉన్నది, వేళకు తిండి ఉన్నది, పేరుపెట్టి పిలువదగిన శిక్షకుడు ఒకడున్నాడు. గురుకులములకు ఆనాడు కార్యదర్శిగా నున్న ప్రవీణ్‌కుమారు వంటి అధికారి పూనికయు ఉన్నది. ఇంటినుండి బస్సులో వచ్చి, సాయంత్రము నాలుగు గంటల బస్సుకే తిరిగిపోవు డిగ్రీ విద్యార్థికి ఇందులో ఒక్కటియు లేదు. అతడు నాలుగున్నరకు మైదానములో నుండిన ఇల్లు చేరునప్పటికి చీకటిపడును. కళాశాలా క్రీడల పద్దులో బస్సు వేళ అను వరుస ఒకటి ఉండవలెనని మేమనిన నవ్వువారుందురు. కాని నిజము అదియే.

కేంద్రప్రభుత్వము ‘ఖేలో ఇండియా’ పథకము క్రింద ఎంపికయైన ఒక్కొక్క క్రీడాకారునికి ఏడాదికి 6,28,000 రూపాయలు వెచ్చించుచున్నది. అందులో 1,20,000 అతని చేతి ఖర్చుకై, తక్కినది శిక్షణ, వసతి మొదలగువానికై. మంచిదే. కాని ఈ అంకెను పైన చెప్పిన 6,92,400తో పోల్చి చూడుడు. ఎంపికయైన ఒక్క బాలునిపై పెట్టు ఖర్చు, ఎంపిక కావలసిన అయిదువందలమందిని కనిపెట్టియుండు ఒక ఉద్యోగి మూలవేతనమునకు దరిదాపుగ నున్నది. మొదటిదానిని ఇచ్చుటకు ప్రభుత్వములు వెనుదీయవు, ఫొటో పడును. రెండవదానికి ఫొటో లేదు. మొదటివాడు దొరకుటకే రెండవవాడు కావలెనని గ్రహించువారు తక్కువ. అదే పథకము క్రింద దేశమున వేయికి పైగా ఏర్పడిన చిన్న ఖేలో ఇండియా కేంద్రములకు మొదట ఒకసారి అయిదు లక్షలు, పిమ్మట ఏటేట అయిదు లక్షలు ఇచ్చి, గతమున పేరుపొందిన క్రీడాకారుని శిక్షకునిగ నియమించు పద్ధతి ఇంతకంటె తెలివిగలది. జిల్లాలోని కళాశాలా మైదానములను ఇట్టి కేంద్రములకు ఉదయము, సాయంత్రము విడిచి, బదులుగా కళాశాల పిల్లలకు శిక్షణ కోరుట ప్రిన్సిపాళ్ల చేతిలోని పని. అందుకు పై అధికారుల అనుమతి కావలెననవచ్చును. అడుగక ముందే లేదనుకొనుట మనలోని జబ్బు.

మైదానములంటే గుర్తుకు వచ్చినది. 2022 జూన్ 2న రాష్ట్రావతరణ దినమున తెలంగాణ ప్రభుత్వము గ్రామగ్రామమున క్రీడాప్రాంగణము లను పథకమును ప్రారంభించినది. అరయెకరము మొదలు ఎకరమువరకు స్థలము, వాలీబాల్ కమ్ములు, ఖోఖో స్తంభములు, దూకుటకు ఇసుకగుంట, వ్యాయామపు కడ్డీలు, ముందు ఒక పెద్ద బోర్డు. ఉపాధిహామీ నిధులతో పనులు జరిగినవి. చాలచోట్ల బోర్డు నిలిచినది. దాని వెనుక గడ్డి మొలిచినది. రాళ్లగుట్ట ప్రక్కను, ఊరికి దూరపు పోరంబోకులోను కమ్ములు పాతిన సంగతి పత్రికలలో ఆనాడే వచ్చినది. స్థలము ఇచ్చిరి, ఇనుము ఇచ్చిరి, మనిషిని ఇయ్యలేదు. సాయంత్రము ఒక్కగంట ఈల పట్టుకొని నిలుచు మనిషి లేని మైదానము పశువుల బీడుగ మారుటకు ఒక్క వానకాలము చాలును.

ధనము లేదను మాటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన తెలంగాణ పల్లెలలో జాతరకో పండుగకో కుస్తీపోటీలు జరుగుచుండుట పాఠకులెరుగుదురు. మొదటి పట్టు కొబ్బరికాయకు, చివరి పట్టు వెండికడియమునకు. ఆ కడియమునకు వెండి ఎక్కడిది? ఊరివారి చందా. పటేలు మొదలు కూలివాని వరకు ఇచ్చిన పైకమే. తప్పెటవానికి, పందెము తీర్పరికి, దూరపు ఊళ్ల పహిల్వానుల భోజనమునకు గూడ అందులోనుండియే చెల్లును. ఎవరెంత ఇచ్చిరో ఊరిముందు చదువుదురు. ఎంత ఖర్చైనదో మరునాటికి అందరికి తెలియును. రశీదు పుస్తకము లేని ఈ పద్దు, రశీదు పుస్తకమున్న కళాశాల పద్దుకంటె తేటగా నున్నదనిన కోపపడుటకు లేదు. ఒక్క దినపు పోటీకి చందా ఇచ్చు చేయి, ఏడాదిపొడవున నడుచు తాలీముకు గూడ ఇయ్యగలదు. అడుగు పద్ధతి తెలియవలెను. ‘కళాశాల అభివృద్ధికి’ అని అడిగిన ఎవరును ఇయ్యరు. ‘బాలికల ఖోఖో జట్టు కరీంనగరము ప్రయాణమునకు 11,200 రూపాయలు కావలెను, లెక్క ఇదిగో’ అని అడిగిన ఇచ్చువారు సిరిసిల్ల బజారులోను, తంగళ్ళపల్లి రైతులలోను లేకపోరు.

చందా ఎన్నటికిని జీతమునకు బదులు గాదని ఇదివరకే చెప్పితిమి. స్థిరమైన రాబడికి మార్గము వేరు. మన పురపాలక సంఘములును గ్రామ పంచాయతులును ఇంటిపన్నుతోపాటు రూపాయకు ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేయుచున్నవి; 1960 నాటి గ్రంథాలయ చట్టము దీనికి మూలము. ఇట్లే క్రీడలకు ఒక పైసా రెండు పైసలు విధింపవచ్చునని సూచించువారు కలరు. మాకు సందేహము. గ్రంథాలయ పన్నే వసూలు చేసినవారివద్దనుండి గ్రంథాలయ సంస్థలకు సకాలములో చేరక బకాయి పడుచున్నదను మొర ఏండ్లతరబడి వినుచున్నాము. వసూలు చేయువాడొకడు, ఖర్చు చేయవలసినవాడు మరియొకడు అయినప్పుడు నడుమ కాలువ పూడుకొనిపోవును. కొత్త పన్నుకంటె ఉన్న రుసుమును వేరు ఖాతాలో నుంచి, విద్యార్థి ప్రతినిధి యొకడు, ఊరి పెద్ద యొకడు చూచు ఏర్పాటు చేయుట సులభము. ఏటికొకసారి సూచనల బల్లమీద జమాఖర్చు కాగితము అంటించిన చాలును.

ప్రైవేటు కళాశాలల గోడు వేరు. వారి రాబడిలో పెద్దభాగము ప్రభుత్వము తిరిగి చెల్లించు బోధన రుసుము. దాని బకాయిలకై 2024లోను, 2025లోను కళాశాలలు మూసి నిరసన తెలిపిరి. ఉపాధ్యాయులకే నెలజీతము తడబడుచుండ ఆటలపంతులును ఎవరుంచుకొందురు? ఖర్చు తగ్గింపవలసివచ్చిన మొదట పోవునది ఆ కొలువే. తమ విద్యార్థుల ఆటల రుసుమును మాత్రము వారు తగ్గించినట్లు కానరాదు.

విదేశముల సంగతియు ఒకమారు చూడదగినది. అమెరికాలో కళాశాలా క్రీడలు మహావ్యాపారము. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడిక ప్రకారము అచ్చటి పెద్ద విశ్వవిద్యాలయము ఒక్కొక్కటి తన ఆటగాండ్రకు ఏడాదికి సుమారు రెండుకోట్ల అయిదులక్షల డాలర్లవరకు నేరుగ పంచియీయవచ్చును. అది మనకు పనికివచ్చు దృష్టాంతము కాదు. అదే దేశమున మూడవ శ్రేణి కళాశాలలని నాలుగువందలకు పైగా చిన్న సంస్థలు కలవు. వానిలో ఆటకై విద్యార్థివేతనము ఇయ్యగూడదని నియమము. అట్లాంటాలోని స్పెల్మన్ అను నల్లజాతి స్త్రీల కళాశాల 2013 వరకు ఆ శ్రేణిలోనిదే. 2012లో దాని అధ్యక్షురాలు బెవర్లీ టేటమ్ లెక్కలు చూచుకొన్నది. విద్యార్థినులు దాదాపు 2,100 మంది. పోటీలకు పోవు జట్లలో నున్నవారు 80 మంది. ఆ జట్లకు అగుచున్న ఖర్చు ఏడాదికి సుమారు పదిలక్షల డాలర్లు. ఆమె ఆ జట్లను 2013తో విరమింపజేసి, ఆ ధనమును విద్యార్థినులందరి వ్యాయామమునకు, ఆరోగ్యమునకు మళ్లించినది. మెచ్చినవారును తిట్టినవారును కలరు.

ఆమె చేసినది మనము చేయవలెనని మా అభిప్రాయము గాదు. అచ్చట జట్లు మితిమీరి తినివేసినవి; ఇచ్చట జట్లకు తిండియే లేదు. పైగా మన పిల్లలకు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ధ్రువపత్రము వట్టి కాగితము గాదు. ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారులకు కేటాయించిన స్థానములకు అదొక మెట్టు, పోలీసు కొలువునకో రైల్వే కొలువునకో దారి. శాతవాహన విశ్వవిద్యాలయపు జట్టులో చోటు సంపాదించి దక్షిణ మండల పోటీలకు పోయివచ్చిన సాంచాకార్మికుని బిడ్డకు ఆ కాగితము విలువ ఎంతయో వాని ఇంటివారిని అడుగవలెను. కాని స్పెల్మన్‌వారు వేసిన ప్రశ్న మనమును వేసికొనవలసినదే: రుసుము చెల్లించినవారెందరు, ఆడినవారెందరు? అయిదువందలమంది చెల్లించి అరువదిమంది ఆడిన, తక్కిన నాలుగువందల నలుబదిమంది ఎవరి ప్రయాణమునకు చందాదారులైరో వారికి చెప్పవలసిన బాధ్యత కళాశాలపై నున్నది.

ఇదేమాటకు చేరిన చిన్న సంగతి యొకటి. గుడ్డ నేయుటలో పేరుగన్న సిరిసిల్ల ప్రాంతపు పిల్లలు ఆటకు తొడుగు బట్టలు జలంధరునుండియో మీరటునుండియో వచ్చుట విచిత్రముగ తోచును. ఆటబనీను అల్లికగుడ్డ, మన సాంచాలు నేయునది పడుగుపేకల గుడ్డ. కనుక బనీనులు మనవారు ఇయ్యలేరు. లాగులకు, పైకోట్లకు, సంచులకు అట్టి అడ్డంకి లేదు. బతుకమ్మ చీరలను 2017 నుండి కొన్ని ఏండ్లు కోట్లకొలది నేసి ఇచ్చిన చేతులకు జిల్లా కళాశాలల జట్ల దుస్తులు ఒక వారపు పని. కొనుగోలు సంఘములు తలచుకొన్న చాలును.

ఒక్కొక్క చిన్న కళాశాలకు ఒక్కొక్క ఫిజికల్ డైరెక్టరును ఇచ్చుట ఈ సంవత్సరమే సాధ్యము గాదనిన ఒప్పుకొందము. అట్లయిన సిరిసిల్ల, అగ్రహారము, తంగళ్ళపల్లి, వేములవాడ వంటి దగ్గర దగ్గర తావులలోని ప్రభుత్వ జూనియరు కళాశాలలను, డిగ్రీ కళాశాలలను, గురుకులములను ఒక గుంపుగ జేర్చి, ఒక పురుషుని, ఒక స్త్రీని నియమించి, దినమునకొక మైదానమున వారు నిలుచునట్లు చేయవచ్చును. శాఖలు వేరు, పద్దులు వేరు అను అభ్యంతరము వచ్చును. ఎన్నికల పనికి ఈ శాఖలన్నియు ఒక్కటే యగుచున్నవి. ఆటకు మాత్రము వేరగుట ఏల?

ఆ కొలువునకు కోరబడు అర్హత కూడ తక్కువది గాదు. వ్యాయామ విద్యలో నూటికి 55 మార్కులతో స్నాతకోత్తర పట్టము, నెట్ లేక సెట్ పరీక్షలో ఉత్తీర్ణత, పోటీలలో పాల్గొన్న నిదర్శనములు, అటుపిమ్మట పరుగు. పండ్రెండు నిమిషములలో ముప్పదియేండ్ల లోపు పురుషుడు 1,800 మీటర్లు పరుగెత్తవలెను. నలువదియేండ్ల లోపువాడు 1,500, నలువదియైదేండ్ల లోపువాడు 1,200, ఏబదియేండ్ల లోపువాడు 800. స్త్రీలకు ఎనిమిది నిమిషములలో వరుసగా 1,000, 800, 600, 400. పట్టము చేతపట్టుకొని, ప్రైవేటు బడిలో పదివేలకో పండ్రెండువేలకో ఈల ఊదుచు, ప్రకటన కొరకు ఎదురుచూచువారు ఈ జిల్లాలలో తక్కువమంది లేరు. ముప్పదవయేట 1,800 మీటర్లు పరుగెత్తగలిగియుండినవాడు, కొలువు వచ్చునప్పటికి 800 మీటర్ల తరగతిలో నిలుచుచున్నాడు.